వంతు తెలిసిన వెలుగు: నగర గృహాలలో విద్యుత్ గిరాకీ నిర్వహణ – రహమత్ నగర్ దృష్టాంతం

చెరువు కింద సేద్యం చేసిన కుటుంబాలకు ‘వంతు’ అనే మాటకు అర్థం చెప్పనక్కరలేదు. తూము ఒక్కటే, కాలువ ఒక్కటే, మడులు మాత్రం అనేకం. అందరూ ఒకేసారి నీరు మళ్ళించుకుంటే చివరి మడికి చుక్క చేరదు. కాలువ గట్టు కూడా నిలవదు. అందుకే ఊరు నీరటికాడిని నియమించుకొని, ఎవరి పొలానికి ఏ వేళ నీరు పారాలో నిర్ణయించే బాధ్యతను అతనికి అప్పగించింది. చెరువులో నీరు ఒక్క చుక్క పెరగకుండానే ఆయకట్టంతా పండేది. శ్రీరాంసాగర్ వంటి పెద్ద ప్రాజెక్టులలో వారాల లెక్కన నీరు వదిలి నిలిపే వారాబందీ పద్ధతికి కూడా మూలసూత్రం ఇదే.

నేడు విద్యుత్ పంపిణీ వ్యవస్థ ముందున్న ప్రశ్న ఇంతకంటే భిన్నమైనది కాదు. ఏడాది మొత్తానికి సరిపడా విద్యుత్తు ఉన్నప్పటికీ, అందరూ ఒకే గంటలో కోరినప్పుడు అది చాలదు. ఆ గంటను ఎలా పంచుకోవాలి, ఆ పంపకంలో ఎవరి వంతు ఎంత అన్నదే గృహ విద్యుత్ గిరాకీ నిర్వహణ. స్మార్ట్ మీటర్లు, స్మార్ట్ గ్రిడ్లు దానికి కొత్త సాధనాలు. ఈ విషయాన్ని హైదరాబాద్‌లోని రహమత్ నగర్ వంటి ఇరుకైన నివాస ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకొని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. నగరపు ఇంటి మీటరుకు, పల్లెలోని బోరు మోటారుకు మధ్య ఉన్న సంబంధాన్ని వ్యవసాయ రంగం కూడా గుర్తించవలసిన సమయం వచ్చింది.

గిరాకీ వేరు, వినియోగం వేరు

సామాన్య వ్యవహారంలో ఈ రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడుతుంటాం. చెరువు నుండి నెల మొత్తంలో పారిన నీటి పరిమాణం వినియోగం వంటిది. దానిని యూనిట్లలో, అంటే కిలోవాట్ గంటలలో కొలుస్తారు. ఒక నిర్దిష్ట క్షణంలో కాలువలో సాగుతున్న ప్రవాహం గిరాకీ వంటిది. దానిని కిలోవాట్లలో కొలుస్తారు. గృహ వినియోగదారుని బిల్లు ప్రధానంగా వినియోగాన్ని బట్టి వస్తుంది. కాని తీగ మందం, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం, విద్యుత్ కేంద్రాల సంఖ్య మాత్రం గరిష్ఠ గిరాకీని బట్టి నిర్ణయమవుతాయి. ఏడాదికి కొద్ది గంటలే వచ్చే గరిష్ఠ గిరాకీ కోసం నిర్మించిన సామర్థ్యం మిగిలిన కాలమంతా ఖాళీగా ఉంటుంది; దాని ఖర్చు మాత్రం అందరి మీదా పడుతుంది.

నీటికీ విద్యుత్తుకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. నీటిని చెరువులో నిల్వ చేయవచ్చు. విద్యుత్తును భారీగా నిల్వ చేయడం ఖరీదైన పని. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని 900 మెగావాట్ల రివర్సిబుల్ యంత్రాలు, నాగార్జునసాగర్‌లోని అటువంటి యంత్రాలు మిగులు విద్యుత్తుతో నీటిని తిరిగి ఎగువకు తోడి, గిరాకీ వేళ మళ్ళీ ఉత్పత్తి చేయగలవు. అయితే అందుకు దిగువన నీరు ఉండాలి, తోడే క్రమంలో కొంత శక్తి నష్టపోవాలి. కనుక ప్రతి క్షణం ఉత్పత్తి, గిరాకీ సమానంగా ఉండవలసిందే. ఆ సమతూకానికి గుర్తు 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ. గిరాకీ మించితే అది పడిపోతుంది. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు భారతాలలో గ్రిడ్ కుప్పకూలి కోట్లాది ప్రజలు చీకటిలో చిక్కుకున్నప్పుడు, అధిక భారంతో ఉన్న లైన్లు ఒకదాని వెంట ఒకటి తెగిపోతే ఏమవుతుందో దేశానికి తెలిసివచ్చింది. ఆనాడు దక్షిణాది గ్రిడ్ వేరుగా ఉండడం వల్ల మనకు ఆ దెబ్బ తగలలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ 765 కె.వి. లైను ద్వారా దక్షిణాది కూడా జాతీయ గ్రిడ్‌లో భాగమైంది. ఇప్పుడు అందరి దీపమూ ఒకే నూనెతో వెలుగుతున్నది.

యాసంగి శిఖరం, వేసవి శిఖరం

తెలంగాణ గిరాకీ స్వభావం ప్రత్యేకమైనది. 2023 మార్చి 30న ఉదయం 11 గంటల ప్రాంతంలో రాష్ట్ర గిరాకీ 15,497 మెగావాట్లకు చేరి అప్పటికి రికార్డు అయింది. 2025 మార్చిలో అది 17 వేల మెగావాట్లు దాటింది. మార్చి నెల, ఉదయం వేళ అనే రెండు వివరాలూ గమనింపదగినవి. యాసంగి వరి పొట్ట దశలో ఉండి, 25 లక్షలకు పైబడిన వ్యవసాయ పంపుసెట్లలో అధికభాగం నడుస్తున్న కాలమది. అదే సమయంలో నగరంలో కార్యాలయాలు, దుకాణాలు, ఇళ్ళలోని ఏసీలు మేల్కొంటాయి.

ఏప్రిల్‌లో కోతలు మొదలైన తరువాత పొలాల గిరాకీ తగ్గుతుంది. నగర గిరాకీ పెరుగుతుంది. 2024 మే మొదటి వారంలో గ్రేటర్ హైదరాబాద్ గిరాకీ ఒక్కటే 4,300 మెగావాట్లు దాటింది. ఆ నెల 30న దేశవ్యాప్త గిరాకీ 250 గిగావాట్లకు చేరింది. పగటిపూట సౌరవిద్యుత్తు ఆదుకుంటుంది. సూర్యుడు అస్తమించిన తరువాత ఇళ్ళలో దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు ఒకేసారి వెలిగే సమయంలో సౌరవిద్యుత్తు సున్నా అవుతుంది. విద్యుత్ ఎక్స్ఛేంజీలో మధ్యాహ్నం యూనిట్ రెండు మూడు రూపాయలకు దొరికిన రోజునే, సాయంత్రం నియంత్రణ మండలి విధించిన పది రూపాయల గరిష్ఠ పరిమితిని తాకడం వేసవిలో తరచుగా జరుగుతున్నది. అంటే మధ్యాహ్నపు యూనిట్, రాత్రి ఎనిమిది గంటల యూనిట్ వినియోగదారునికి ఒకే ధరకు అందినా, వాటి నిజమైన ఖర్చు ఒకటి కాదు.

పల్లె మోసిన వంతు

గిరాకీ నిర్వహణ మనకు కొత్త శాస్త్రమేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ ఫీడర్లను గ్రూపులుగా విభజించి, ఒక గ్రూపుకు పగలు, మరొక గ్రూపుకు రాత్రి మూడు ఫేజుల విద్యుత్తు ఇచ్చేవారు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించిన తరువాత కూడా ఈ వంతుల పద్ధతి కొనసాగింది. నగరపు గిరాకీకి వీలుగా పల్లె తన గిరాకీని అర్ధరాత్రికి జరుపుకున్నది. దానికి చెల్లించిన మూల్యం తక్కువ కాదు. టార్చిలైటు పట్టుకొని బోరు దగ్గరకు వెళ్ళిన రైతులు పాముకాటుకు, విద్యుదాఘాతానికి గురయ్యారు.

కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని రైతు ఆటోస్టార్టరు అమర్చుకున్నాడు. విద్యుత్తు రాగానే మోటారు దానంతటదే నడిచేది. ఒక రైతు దృష్టిలో ఇది తెలివైన ఏర్పాటే. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న అందరూ ఆటోస్టార్టర్లు పెట్టుకున్నప్పుడు, సరఫరా మొదలైన క్షణంలోనే మోటార్లన్నీ ఒక్కసారిగా లేచేవి. ఇండక్షన్ మోటారు మొదలయ్యేటప్పుడు సాధారణ ప్రవాహానికి అయిదారు రెట్లు తీసుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి, అందరి పొలాలూ కలిసి ఎండేవి. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు, ఆటోస్టార్టర్లు తొలగించవలసిందిగా రైతులను కోరడానికి ఒక కారణం ఇదే. ఈ అనుభవాన్ని గుర్తుంచుకోవాలి. స్మార్ట్ గ్రిడ్ చర్చలో ఇది మళ్ళీ ఎదురవుతుంది.

రహమత్ నగర్: ఒక వీధి లెక్క

రహమత్ నగర్ జూబ్లీహిల్స్ శాసనసభా నియోజకవర్గంలోని ప్రాంతం. ఒకవైపు యూసుఫ్‌గూడ, మరొకవైపు బోరబండ. సమీపంలోనే కార్మిక నగర్, ఎస్.పి.ఆర్. హిల్స్. జూబ్లీహిల్స్ బంగళాలకు, ఫిల్మ్ నగర్ స్టూడియోలకు ఇది దూరం కాదు. ఆ స్టూడియోలలో లైట్లు మోసేవారు, సెట్లు కట్టేవారు, దుస్తులు కుట్టేవారు, వాహనాలు నడిపేవారు, జూనియర్ ఆర్టిస్టులు కృష్ణానగర్‌తో పాటు ఇటువంటి పేటలలో నివసిస్తారు. చిన్న స్థలంలో మూడు నాలుగు అంతస్తులు, ప్రతి అంతస్తులో ఒకటి రెండు అద్దె వాటాలు, గుత్తులుగా వేలాడే మీటర్లు, ఇరుకైన సందులు — ఇదీ ఇక్కడి నివాస స్వరూపం. వీరిలో చాలామంది పల్లెల నుండి వలస వచ్చినవారే.

ఇక్కడ కూడా ఆటోస్టార్టరు కథ మరో రూపంలో నడుస్తుంది. నల్లా నీరు వదిలే వేళకు వీధిలోని మోటార్లన్నీ దాదాపు ఒకేసారి మొదలవుతాయి. సంపు నుండి పైకప్పు ట్యాంకుకు నీరు తోడడం అవసరమే. నల్లా పైపుకే మోటారు బిగించి లాగడం మాత్రం నిషిద్ధం. 2025 వేసవిలో జలమండలి అటువంటి మోటార్లపై ప్రత్యేక తనిఖీలు చేపట్టింది. పైపుకు బిగించిన మోటారు పొరుగింటి నీటిని లాగడమే గాక, వీధి మొత్తం విద్యుత్ గిరాకీని ఒకే అరగంటలోకి కుదిస్తుంది.

ఒక ఊహాజనిత వీధిని తీసుకొని లెక్క వేద్దాం. 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ కింద 60 ఇళ్ళు ఉన్నాయనుకుందాం. ఫ్యాన్లు, ఫ్రిజ్, దీపాలు, టీవీ కలిపి ఇంటికి సగటున 0.6 కిలోవాట్ల చొప్పున 36 కిలోవాట్లు. పదిహేను ఇళ్ళలో ఒక్కొక్కటి 1.5 కిలోవాట్ల ఏసీలు నడిస్తే 22.5 కిలోవాట్లు. నలభై నీటి మోటార్లు ఒక్కొక్కటి కిలోవాట్ చొప్పున ఒకేసారి నడిస్తే 40 కిలోవాట్లు. మొత్తం 98.5 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.85 అనుకుంటే దాదాపు 116 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం మించిపోయింది. ఇప్పుడు అవే మోటార్లు మూడు జట్లుగా, ఇరవై నిమిషాల వ్యవధితో నడిచాయనుకుందాం. ఏ క్షణంలోనైనా 13, 14 మోటార్లే నడుస్తాయి. మొత్తం గిరాకీ సుమారు 72 కిలోవాట్లు, అంటే 85 కె.వి.ఎ. ఎవరి ట్యాంకూ ఖాళీగా లేదు, ఎవరి ఫ్యాన్ కూడా ఆగలేదు. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం నిలిచింది. తీగలో జరిగే నష్టం ప్రవాహపు వర్గాన్ని బట్టి ఉంటుంది. ప్రవాహం సగమైతే నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. కనుక వంతు పాటించడం వల్ల చివరి ఇంటికి వోల్టేజి కూడా మెరుగుపడుతుంది. చివరి మడికి నీరు చేరినట్లే ఇది.

స్మార్ట్ గ్రిడ్ ఏమి చేయగలదు?

పై లెక్కలోని నలభై ఇళ్ళకు వంతు చెప్పే నీరటికాడు ఎవరు? స్మార్ట్ గ్రిడ్ ఆ పాత్రను పోషించగలదు. సాధారణ మీటరు నెలకొకసారి ఒక్క సంఖ్యను చూపుతుంది. భారత ప్రమాణం ఐ.ఎస్. 16444కు అనుగుణమైన స్మార్ట్ మీటరు నిర్ణీత వ్యవధులలో, సాధారణంగా పావుగంటకో అరగంటకో, వినియోగాన్ని నమోదుచేసి పంపిణీ సంస్థకు చేరవేస్తుంది. అటు నుండి వచ్చే సమాచారాన్ని కూడా స్వీకరిస్తుంది. ఈ రెండువైపుల సంభాషణ వల్ల ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏ వేళ ఎంత భారం పడుతున్నదో తెలుస్తుంది.

హైదరాబాద్‌కు ఇది పూర్తిగా అపరిచితం కాదు. కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ గత దశాబ్దం ఆరంభంలో దేశవ్యాప్తంగా 14 స్మార్ట్ గ్రిడ్ ప్రయోగాలను ఎంపిక చేసినప్పుడు, వాటిలో జీడిమెట్ల పారిశ్రామిక ప్రాంతం ఒకటి. దాదాపు 12 వేల మంది వినియోగదారులను ఉద్దేశించిన ఆ ప్రాజెక్టు లక్ష్యాలలో గరిష్ఠ గిరాకీ నియంత్రణ, అంతరాయాల సత్వర గుర్తింపు ముఖ్యమైనవి.

గృహోపకరణాలను గిరాకీ నిర్వహణ దృష్టితో మూడు తరగతులుగా విభజించవచ్చు. మొదటిది, వేళ మార్చలేనివి: దీపం, ఫ్యాన్, టీవీ, రోగి కోసం నడిచే పరికరం. రెండవది, వేళ మార్చదగినవి: నీటి మోటారు, వాషింగ్ మెషీన్, గ్రైండర్, ఇస్త్రీపెట్టె, విద్యుత్ స్కూటరు లేదా ఆటో ఛార్జింగ్. మూడవది, కొద్దిసేపు తగ్గించినా సౌఖ్యం చెడనివి: ఏసీ, గీజరు, ఫ్రిజ్. ఏసీని ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతున్నది. 2020 జనవరి 1 నుండి స్టార్ గుర్తు గల గది ఏసీలు 24 డిగ్రీల వద్దే మొదలయ్యేలా నిబంధన కూడా ఉన్నది. స్మార్ట్ గ్రిడ్ మొదటి తరగతిని ముట్టుకోదు, ముట్టుకోరాదు. దాని పని రెండవ, మూడవ తరగతులతోనే.

ధర చెప్పే మాట, ధర చెప్పలేని మాట

వేళను బట్టి ధర నిర్ణయించడం గిరాకీ నిర్వహణలో ప్రసిద్ధమైన మార్గం. రాష్ట్రంలోని పెద్ద పరిశ్రమలకు ఈ పద్ధతి ఏళ్ళుగా అలవాటే. 2023 జూన్‌లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు దీనిని విస్తరించాయి. వాటి ప్రకారం రోజులో ఎనిమిది సౌర గంటలకు సాధారణ ధర కంటే కనీసం 20 శాతం తగ్గింపు ఉండాలి. గరిష్ఠ గిరాకీ వేళల్లో వాణిజ్య, పారిశ్రామిక వర్గాలకు కనీసం 1.2 రెట్లు, ఇతరులకు కనీసం 1.1 రెట్లు ధర ఉండాలి. వ్యవసాయాన్ని మినహాయించారు. స్మార్ట్ మీటరు అమర్చిన తరువాత నమోదైన గరిష్ఠ గిరాకీని చూపి అంతకుముందు కాలానికి జరిమానా వేయరాదని కూడా ఆ నియమాలు స్పష్టం చేశాయి.

రహమత్ నగర్ ఇంటిలో ఈ ధర సంకేతం ఎలా వినిపిస్తుంది? 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన గృహజ్యోతి పథకం కింద అర్హత గల కుటుంబానికి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. అద్దెకుండేవారికి కూడా ఇది వర్తిస్తుంది. సున్నా బిల్లులో 20 శాతం తగ్గింపు అన్నా సున్నాయే, 10 శాతం పెంపు అన్నా సున్నాయే. వేళ చెప్పే ధర ఈ కుటుంబానికి వినిపించదు. వినిపించేది ఒక్కటే: 200 యూనిట్ల గీత.

ఆ గీత ఎంత నిటారుగా ఉన్నదో చూద్దాం. 2022–23 రేట్ల ప్రకారం నెలకు 200 యూనిట్లు వాడిన గృహానికి మొదటి వందకు యూనిట్ రూ.3.40, తరువాతి వందకు రూ.4.80 చొప్పున విద్యుత్ ఛార్జి రూ.820. ఒక్క యూనిట్ పెరిగి 201 అయితే మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 చొప్పున, ఆపై యూనిట్‌కు రూ.7.70 చొప్పున లెక్క మారి, ఛార్జి రూ.1,027.70 అవుతుంది. గృహజ్యోతి లబ్ధిదారుకైతే సున్నా నుండి నేరుగా వెయ్యి రూపాయలు దాటుతుంది; స్థిర ఛార్జీలు దీనికి అదనం.

మే నెలలో ఒక సామాన్య కుటుంబం లెక్క ఇలా ఉండవచ్చు. 75 వాట్ల ఫ్యాన్లు మూడు, రోజుకు 14 గంటలు: 94.5 యూనిట్లు. 150 వాట్ల కూలరు, రోజుకు 10 గంటలు: 45 యూనిట్లు. ఫ్రిజ్: 30. నాలుగు ఎల్ఈడీ దీపాలు: 6.5. టీవీ: 9. నీటి మోటారు రోజుకు అరగంట: 15. ఇస్త్రీ నెలకు 10 గంటలు: 10. మొత్తం 210 యూనిట్లు. గీత దాటింది పది యూనిట్లు మాత్రమే, ఛార్జి రూ.1,097. దినకూలీతో జీవించే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. ఇదే ఇంటిలో మూడు ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఉంటే వాటి వినియోగం 37.8 యూనిట్లకు దిగుతుంది. మొత్తం 153 యూనిట్లు, బిల్లు సున్నా. అంతేకాదు, ప్రతి ఇంటా సాయంత్రపు గిరాకీ 135 వాట్లు తగ్గుతుంది. 60 ఇళ్ళ వీధిలో అది 8 కిలోవాట్లకు పైమాటే.

దీనిని బట్టి తేలేది ఏమంటే, పేద ఇంటిలో వేళ మార్చదగిన భారం చాలా తక్కువ. రాత్రి ఎనిమిదింటికి తిరిగే ఫ్యాన్‌ను మధ్యాహ్నానికి జరపలేం. షూటింగు ముగించుకొని అర్ధరాత్రి ఇల్లు చేరే లైట్‌మన్‌కు, తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరే జూనియర్ ఆర్టిస్టుకు ‘సౌర గంటలు’ ఇంటి బయటే గడిచిపోతాయి. వారికి వేళ మార్చమని చెప్పడం కంటే, తక్కువ విద్యుత్తుతో అదే గాలి ఇచ్చే ఫ్యాన్ అందించడం మేలు. 2015లో ప్రారంభమైన ఉజాలా పథకం ఎల్ఈడీ దీపాన్ని పేద ఇంటికి చేర్చింది. ఫ్యాన్ విషయంలో ఆ స్థాయి ప్రయత్నం అవసరం.

అందరూ ఒకే వేళకు మారితే?

వేళ మార్చగలిగిన సంపన్న గృహాలకు ధర సంకేతం పనిచేస్తుంది. అయితే అక్కడ ఆటోస్టార్టరు సమస్య తిరిగి వస్తుంది. రాత్రి పదింటికి చౌక ధర మొదలవుతుందని ప్రకటిస్తే, కాలగణన యంత్రం గల ప్రతి కారు ఛార్జరు, ప్రతి వాషింగ్ మెషీన్, ప్రతి గీజరు సరిగ్గా పదింటికే మొదలవుతుంది. పాత శిఖరం తగ్గి, కొత్త శిఖరం పుడుతుంది. పైగా మనుషులు చేసినప్పుడు సహజంగా ఉండే ముందువెనుకలు యంత్రాలకు ఉండవు. బ్రిటన్ ప్రభుత్వం 2022 జూన్ 30 నుండి అమలైన నియమాల ద్వారా ఇళ్ళలోని కొత్త విద్యుత్ వాహన ఛార్జర్లకు పది నిమిషాల వరకు యాదృచ్ఛిక ఆలస్యాన్ని తప్పనిసరి చేయడానికి కారణం ఇదే. ఒక ఛార్జరు రెండు నిమిషాలకు, మరొకటి ఏడు నిమిషాలకు మొదలవుతుంది. గ్రిడ్ మీద భారం మెల్లగా పెరుగుతుంది. ఫ్రాన్స్ 1960ల నుండే విద్యుత్ తీగ ద్వారానే సంకేతం పంపి, ఇళ్ళలోని నీటి హీటర్లను రాత్రి చౌక గంటలలో నడిపిస్తున్నది. ధర ప్రకటించి వదిలేయడం కాలువకు నీరు వదిలి ఊరుకోవడం వంటిది. మడి మడికీ వంతు నిర్ణయించేవాడు వేరే కావాలి.

ధరను పూర్తిగా బజారుకు వదిలేస్తే వచ్చే ముప్పు కూడా తెలిసినదే. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌ను మంచు తుఫాను ముంచెత్తినప్పుడు టోకు ధర యూనిట్ తొమ్మిది డాలర్లకు చేరింది. టోకు ధరకు ముడిపడిన పథకాలు ఎంచుకున్న ఇళ్ళకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. డాలస్, హ్యూస్టన్ నగరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ చలి రాత్రులను చూసినవే. ప్రాణావసరమైన వేళ ధర ఎంత పెరిగినా గిరాకీ తగ్గదు, బాధ మాత్రమే పెరుగుతుంది. మన నగరంలో కూడా 2000 ఆగస్టు 28న విద్యుత్ ఛార్జీల పెంపుపై నిరసన బషీర్‌బాగ్‌లో కాల్పులకు, ప్రాణనష్టానికి దారితీసింది. విద్యుత్ ధర లెక్క విశ్వాసం లేని చోట నిలవదన్నది ఆనాటి చేదు పాఠం.

ఎవరి వంతు ఎంత?

జూబ్లీహిల్స్ కొండమీది బంగళాలో ఆరు ఏసీలు, రెండు విద్యుత్ కార్లు, ఈతకొలను మోటారు ఉండవచ్చు. రహమత్ నగర్ అద్దె వాటాలో మూడు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్ ఉంటాయి. రెండూ ఒకే నగర గ్రిడ్ మీద ఆధారపడినవి. పది కిలోవాట్ల గిరాకీని గంటసేపు వాయిదా వేయడం మొదటి ఇంటికి సాధ్యం. రెండవ ఇంటివంటివి డజన్ల కొద్దీ కలిసినా అది కష్టం. కనుక వంతు పాటించవలసిన మొదటి బాధ్యత జరపగలిగిన భారం ఉన్నవారిదే. ఊరి చెరువు కింద కూడా తలమడి రైతు తూము మూస్తేనే చివరి మడి తడిసేది.

రాష్ట్రంలోని రైతుకు ఇందులో నేరుగా ఆసక్తి ఉన్నది. వ్యవసాయ ఉచిత విద్యుత్తు, గృహజ్యోతి రెండింటికీ ప్రభుత్వమే రాయితీ చెల్లిస్తున్నది. సాయంత్రం పది రూపాయలకు కొన్న ప్రతి యూనిట్ ఆ భారాన్ని పెంచుతుంది. ఆ భారం భరించలేని స్థాయికి చేరినప్పుడు మొదట కోత పడేది ఎక్కడో గత అనుభవం చెబుతుంది: వ్యవసాయ ఫీడరు మళ్ళీ రాత్రి వంతుకు మారుతుంది. నగరం తన సాయంత్రాన్ని సర్దుకోగలిగితే రైతు తన పగటి విద్యుత్తును నిలుపుకోగలడు. సౌరవిద్యుత్తు పగలే దొరుకుతుంది కనుక, పంటకు నీరు పెట్టడానికి పగటివేళ గ్రిడ్‌కు కూడా అనుకూలమైనదే.

ఆచరణకు కొన్ని సూచనలు

1. స్మార్ట్ మీటరు వచ్చేవరకు ఆగనవసరం లేదు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఇళ్ళవారు మాట్లాడుకొని, సంపు మోటార్లను సరి, బేసి ఇంటి సంఖ్యల వారీగా ఇరవై నిమిషాల తేడాతో నడుపుకోవచ్చు. సాయంత్రం 6 నుండి 10 గంటల మధ్య మోటారు, ఇస్త్రీ, వాషింగ్ మెషీన్ మానుకోవడం మంచిది.

2. ప్రతి ఆదివారం మీటరు రీడింగు రాసుకోవాలి. వారానికి 45 యూనిట్లు దాటకుండా చూసుకుంటే నెలకు 200 గీత దాటే ప్రమాదం తక్కువ. పాత మీటరు మీద కూడా ఇది సాధ్యమే.

3. కొత్త ఫ్యాన్ కొనవలసి వచ్చినప్పుడు స్టార్ గుర్తును, వాట్లను చూసి కొనాలి. రోజంతా తిరిగే ఫ్యాన్‌ను ముందుగా మార్చాలి. అద్దె ఇంటిలో ఉన్నవారు ఇల్లు మారినా ఫ్యాన్ వెంట తీసుకువెళ్ళవచ్చు. సౌరపలకకు ఆ వీలు లేదు.

4. సొంత పైకప్పు గల యజమానులు పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30,000 చొప్పున, 3 కిలోవాట్లు, ఆపైన రూ.78,000 వరకు లభించే సహాయాన్ని పరిశీలించవచ్చు. నీటి మోటారును పగటివేళకు మార్చుకుంటే ఆ విద్యుత్తు అక్కడికక్కడే వినియోగమవుతుంది.

5. పంపిణీ సంస్థలు స్మార్ట్ మీటరు సమాచారాన్ని మొదట వినియోగదారునికే చూపాలి. ‘ఈ నెల ఇప్పటికి 140 యూనిట్లు, ఇంకా తొమ్మిది రోజులు’ అన్న ఒక్క తెలుగు సందేశం ధరల పట్టిక కంటే ఎక్కువ పని చేస్తుంది. ఇంటివారు ఏ వేళ నిద్రలేస్తారో, ఏ వేళ ఇంట ఉండరో కూడా ఆ సమాచారం చెప్పగలదు కనుక, దాని గోప్యతకు కట్టుదిట్టమైన హామీ ఉండాలి.

6. సున్నా బిల్లు కుటుంబానికి కూడా వంతు పాటించినందుకు ఫలం దక్కాలి. సౌర గంటలలో వాడిన నాలుగు యూనిట్లను 200 గీత లెక్కలో మూడుగా పరిగణించడం ఒక మార్గం. ఇంటిలో కుట్టుపని, ఇస్త్రీపని చేసుకొనేవారికి ఇది నేరుగా ఉపయోగపడుతుంది. నియంత్రణ మండలి విచారణలలో ఇటువంటి ప్రతిపాదనలపై వినియోగదారులు అభిప్రాయం చెప్పవచ్చు.

7. యాంత్రికంగా నడిచే భారీ ఉపకరణాలకు, విద్యుత్ వాహన ఛార్జర్లకు యాదృచ్ఛిక ఆలస్యాన్ని ఆరంభం నుండే నిబంధనగా పెట్టాలి. ఆటోస్టార్టర్లను అమర్చనిచ్చి ఆ తరువాత తొలగించడానికి పడిన శ్రమను నగరంలో పునరావృతం చేయరాదు.

ముగింపు

నీరటికాడి దగ్గర యంత్రాలు లేవు. ఊరి నమ్మకం ఉండేది. అతడు తన సొంత మడికి ముందుగా నీరు పెట్టుకోడన్న విశ్వాసంతోనే రైతు తన వంతు కోసం గట్టు మీద వేచి ఉండేవాడు. స్మార్ట్ గ్రిడ్‌కు మీటర్లు, సంకేతాలు, గణనయంత్రాలు అన్నీ ఉన్నాయి. అది సంపాదించుకోవలసినది ఆ విశ్వాసమే. ఎక్కువ వాడేవాడు ముందుగా తగ్గుతాడని, పేద ఇంటి ఫ్యాన్ ఆగదని, మిగిలిన దానిలో అందరికీ భాగం ఉంటుందని రుజువైన నాడు, రహమత్ నగర్ సందులోని కుటుంబం కూడా తన వంతును గుర్తు పెట్టుకుంటుంది. ఎందుకంటే ఆ ఇంటి పెద్దలలో చాలామంది ఒకప్పుడు చెరువు గట్టు మీద నిలబడి, తమ వంతు కోసం చూసినవారే.